పాపకు వినికిడి మిషన్లు ఇచ్చి ఇంటికి పంపారు. ఇంట్లో ఏం చేయాలో ఎవరు చెబుతారు?

మిరపతోట_మార్కాపురం
మా పాపకు ఏడు నెలల పది రోజులు. పుట్టిన మూడో రోజున ఆసుపత్రిలో చెవిలో చిన్న బుడిపె పెట్టి ఏదో పరీక్ష చేసి, చీటీ మీద రెండు చెవులకూ ‘రిఫర్’ అని రాసి డిశ్చార్జి ఫైల్లో పెట్టారు. ఆ మాటకు అర్థం ఎవరూ చెప్పలేదు. డిగ్రీ చదివిన మా మరిది కూడా ‘రికార్డు కోసం రాసుంటారులే వదినా’ అన్నాడు. అన్నప్రాశన నాడు మా ఆడపడుచు కొడుకు నిద్రపోతున్న పాప తల దగ్గర బుడగ పగలగొట్టాడు. పెద్దవాళ్లందరం ఉలిక్కిపడ్డాము, పాప కనురెప్ప కూడా కదపలేదు. అప్పుడు ఫైలు వెతికి, ఆ చీటీ పట్టుకొని గుంటూరు వెళ్లాము. చప్పుడుకు చెవి నాడి ఎలా స్పందిస్తుందో అలల రూపంలో చూసే బెరా పరీక్షలో రెండు చెవులకూ 90 డెసిబెల్స్ దగ్గర కూడా స్పందన లేదని తేలింది.

రెండు వారాల క్రితం రెండు చెవులకూ వినికిడి మిషన్లు పెట్టారు. ఎలా పెట్టాలో, బ్యాటరీ ఎలా మార్చాలో అరగంట చూపించి, నెల తరువాత రమ్మన్నారు. నా బాధ ఆ నెల రోజుల గురించే. మావారు పలకల ఫ్యాక్టరీకి వెళ్లిపోతే ఇంట్లో నేను, మా అత్తయ్య, పాప. పాప మిషన్లను రోజుకు పదిసార్లు పీకేస్తుంది. అత్తయ్య తేనెలో వసకొమ్ము అరగదీసి నాకిస్తున్నారు. వినబడుతోందో లేదో తెలియని పిల్లతో నేనేమి మాట్లాడాలి, ఎంత మాట్లాడాలి, ఎంత గట్టిగా మాట్లాడాలి? ఈ సంగతి చెప్పేవారు మా చుట్టుపక్కల ఒక్కరు కూడా లేరు. వారానికోసారి గుంటూరు వెళ్దామంటే మార్కాపురం రోడ్డు స్టేషనులో రైలెక్కడం, దిగడం, మళ్లీ రావడంతోనే రోజంతా గడిచిపోతుంది.

రైలుపెట్టె
‘రిఫర్’ చీటీ మా ఇంట్లో కూడా ఉండేది. మేము దాన్ని తొమ్మిది నెలలు బీరువాలో భద్రంగా దాచాము. జనన ధ్రువపత్రం కన్నా జాగ్రత్తగా చూసుకున్నాము, చదవడం ఒక్కటే తక్కువ.

ఆడియో_అక్క
నేను పదకొండేళ్లుగా పిల్లల వినికిడి పరీక్షలు చేస్తున్నాను. ముందుగా ఆ చీటీ గురించి చెబుతాను. పుట్టగానే చేసేది ఓఏఈ పరీక్ష, లోపలి చెవిలో కణాలు పని చేస్తున్నాయో లేదో చూసేది. అందులో ‘రిఫర్’ అని వస్తే చెవుడు ఉన్నట్టు కాదు, మళ్లీ పరీక్షించాలని మాత్రమే అర్థం. మొదటి రెండు రోజుల్లో చెవి నాళంలో ఉమ్మనీటి తడి, తెల్లటి మడ్డి ఉండటం వల్ల కూడా అలా వస్తుంది. ఇక్కడ తప్పు పరీక్షది కాదు. మళ్లీ రమ్మని నోటితో చెప్పకపోవడమే తప్పు. ప్రపంచమంతటా మేము పాటించే లెక్క ఒకటి–మూడు–ఆరు: మొదటి నెలలోపు పరీక్ష, మూడో నెలలోపు నిర్ధారణ, ఆరో నెలలోపు మిషన్లు, శిక్షణ మొదలవ్వాలి. ఆరు నెలలలోపు గుర్తించిన పిల్లల భాష, ఆ తరువాత గుర్తించిన పిల్లల భాష కన్నా స్పష్టంగా మెరుగ్గా ఉంటుందని 1998లో అమెరికాలోని కొలరాడో పరిశోధకులు చూపించారు. మీ పాపకు ఏడో నెలలో మిషన్లు పెట్టారు. నా గదికి రెండేళ్లు, మూడేళ్లు నిండిన పిల్లలే ఎక్కువగా వస్తారు కాబట్టి మిమ్మల్ని ఆలస్యంగా వచ్చినవారిగా నేను లెక్కించను.

90 డెసిబెల్స్‌కు స్పందన లేదంటే అది అతి తీవ్రమైన వినికిడి లోపం. ఇలాంటి పిల్లలకు కొన్ని నెలలు మిషన్లతో చూసి, ప్రయోజనం చాలకపోతే కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే వినికిడి పరికరం) సంగతి ఆలోచిస్తారు. అలాగని ఈ నెలలు వెయిటింగ్ హాలులో కూర్చున్నట్టు గడపకూడదు. చెవి నుంచి మెదడుకు వెళ్లే దారి నడిస్తేనే నిలుస్తుంది.

వసకొమ్ము దయచేసి ఈ రోజే మానిపించండి. పసిపిల్లలకు అది వాంతులు తెప్పిస్తుంది. ఏడాది నిండని బిడ్డకు తేనె అసలే ఇవ్వకూడదు.

నానమ్మ_నెంబర్_1
మా కాలంలో అందరికీ వస పోశారు, అందరూ బతికే ఉన్నాము. మా రెండోవాడు నాలుగేళ్లు నిండేదాకా నోరు విప్పలేదు, ఇప్పుడు జిల్లా కోర్టులో వకీలు. మగపిల్లలకు మాటలు ఆలస్యమే. ఏడు నెలల పసిగుడ్డుకు చెవుల నిండా యంత్రాలు తగిలించడం నాకు నచ్చలేదు. ఒక ఏడాది ఆగితే వచ్చే నష్టమేమిటో నాకు అర్థం కావడం లేదు.

కంచం_మోత
నానమ్మ గారూ, పాప ఆడపిల్ల. పైగా మీ అబ్బాయికి మాట ఆలస్యమైంది, ఈ పాపకు వినికిడే లేదు. రెండూ ఒకటి కావు.

మా ఇంట్లో ఆ ‘ఒక ఏడాది’ ఎలా గడిచిందో చెబుతాను. మా అమ్మ ప్రతి ఆదివారం బాబు వెనక నిలబడి స్టీలు కంచాన్ని గరిటెతో మోగించేది. బాబు తిరిగేవాడు. అమ్మ విజయగర్వంతో ‘చూశావా, పాము చెవులు వీడివి’ అనేది. పద్నాలుగో నెలలో నాకు అనుమానం వచ్చి, సాయంత్రం దీపం వాడి ముందు వైపు పెట్టి, వెనక మోగించమన్నాను. వాడు తిరగలేదు. అన్నాళ్లూ వాడు తిరిగింది చప్పుడుకు కాదు, గోడ మీద అమ్మ చేతి నీడకు. నేల మీద కూర్చున్న పిల్లవాడికి మన అడుగుల అదురు తెలుస్తుంది, గాలి తగులుతుంది, నీడ కనబడుతుంది. చెవి పని చేయని పిల్లల కళ్లు ఎంత చురుగ్గా ఉంటాయో అప్పుడు తెలిసింది.

ఆడియో_అక్క
ఇంకొక మోసం కూడా ఉంది. వినికిడి లేని పిల్లలు కూడా నాలుగైదు నెలల వయసులో ‘ఉంగా’ అంటారు, నవ్వుతారు, కేరింతలు కొడతారు. ఇంట్లోవాళ్లు ధైర్యంగా ఉండిపోతారు. తన గొంతు తనకే వినబడకపోవడంతో ఆ తరువాత ఆ ధ్వనులు పెరగకుండా పలుచబడతాయి.

నానమ్మ_నెంబర్_1
నీడ సంగతి నాకు తోచలేదు. వస విషయంలో మాత్రం మా ఊరి ఆయుర్వేద వైద్యుణ్ణి అడిగి చెబుతాను.

రెండు_గంటల_నాన్న
పీకేయడం గురించి అడిగారు కాబట్టి నా సిగ్గు కథ రాస్తున్నాను. మా పాపకు మిషన్లు పెట్టిన రెండో నెలలో పరీక్షకు వెళ్లినప్పుడు, ‘రోజంతా పెడుతున్నారా?’ అని ఆడియాలజిస్టు అడిగారు. నేను గట్టిగా ‘పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా, మేడమ్’ అన్నాను. ఆవిడ మిషన్‌ను కంప్యూటరుకు తగిలించి తెర నా వైపు తిప్పారు. సగటున రోజుకు రెండు గంటల ఐదు నిమిషాలు. మిషన్ తన హాజరు తానే వేసుకుంటుందని నాకు ఎవరూ చెప్పలేదు. బస్సులో మా ఆవిడ బాపట్ల నుంచి చీరాల వరకు నాతో మాట్లాడలేదు. ఈ సభ్యనామం ఆ రోజున ఆవిడ పెట్టిందే.

తరువాత నేర్చుకున్నవి ఇవి. మిషన్లకు దారం, క్లిప్పు అమ్ముతారు. చొక్కాకు వెనక వైపు తగిలిస్తే పీకినా కింద పడవు, నోట్లోకి చేరవు. పలుచటి నూలు టోపీ చెవుల మీదుగా కడితే చెయ్యి తగలదు. ఆటలో, పాలలో, స్నానం తరువాత హాయిగా ఉన్నప్పుడు పెట్టాలి. ఏడుస్తున్నప్పుడు పెడితే ఏడుపుకూ మిషన్‌కూ ముడి పడిపోతుంది. పీకితే కోప్పడకుండా, నవ్వకుండా మళ్లీ పెట్టాలి. మాకు మూడు వారాలు పట్టింది. ఇప్పుడు నిద్ర లేవగానే తనే చెవి చూపిస్తుంది.

బ్యాటరీ తలుపుకు తాళం ఉందో లేదో చూసుకోండి. బటన్ బ్యాటరీ మింగితే ఒక్క గంట కూడా ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. కొత్త బ్యాటరీ స్టిక్కరు తీసిన తరువాత ఒక నిమిషం గాలి తగలనిచ్చి అప్పుడు పెట్టండి, పూర్తి శక్తి అందుకుంటుంది.

మిరపతోట_మార్కాపురం
టోపీ ఈ రోజే కుట్టాను. మా ఎండలకు చెమట పడితే మిషన్లు పాడవుతాయా? రోహిణి కార్తెలో మా ఇంట్లో రోళ్లే కాదు, ఫ్యాన్లు కూడా పగులుతాయి.

రెండు_గంటల_నాన్న
పాడవుతాయి. రాత్రి బ్యాటరీ తీసి, సిలికా జెల్ ఉన్న మూత డబ్బాలో పెట్టండి. బియ్యం డబ్బాలో పెట్టమని ఎవరైనా చెబితే వినకండి. మేము పెట్టాము, గొట్టంలో నూక ఇరుక్కుంది.

గోదారి_గట్టు
మాది రాజమహేంద్రవరం. మా బాబుకు ఇప్పుడు ఆరేళ్లు, పదిహేడో నెలలో ఇంప్లాంట్ అయింది. మిరపతోట గారు అడిగిన అసలు ప్రశ్నకు, అంటే ఇంట్లో ఏమి మాట్లాడాలన్న ప్రశ్నకు, ఇప్పటిదాకా ఎవరూ సూటిగా జవాబు రాయలేదు కాబట్టి నేను కొంచెం పొడుగ్గా రాస్తాను.

ప్రత్యేకంగా పాఠం చెప్పాలని నేను మొదటి రెండు నెలలు బొమ్మల చార్టులు కొని గోడల నిండా అంటించాను. బాబు వాటిని చింపడం నేర్చుకున్నాడు. మా థెరపిస్టు వచ్చి చూసి, చార్టులు తీసేసి వంటింట్లో కూర్చోబెట్టమన్నారు. ఇడ్లీ పిండి గిన్నెలో పోస్తున్నప్పుడు ‘పిండి పోస్తున్నాను, ఇంకొంచెం పోస్తున్నాను, అయిపోయింది’ అనాలి. ఉగ్గుగిన్నె చూపించే ముందే ‘ఉగ్గు తిందామా?’ అని అడిగి, రెండు క్షణాలు ఆగి, అప్పుడు గిన్నె చూపించాలి. ముందు చెవికి, తరువాత కంటికి. ఇది చాలా ముఖ్యం. ముందే గిన్నె చూపిస్తే బిడ్డకు వినాల్సిన అవసరం ఉండదు. ఏదైనా చప్పుడు వినబడితే చెవి మీద వేలు పెట్టి ‘విను! అదిగో, తలుపు!’ అని ఆ తలుపు దగ్గరికి ఎత్తుకొని వెళ్లాలి. కుళాయి, కుక్కరు, ఆటో, పాలవాడి గంట. రోజూ ఉండేవే చాలు.

అరవకండి. మామూలు గొంతుతో, కొంచెం పాట లాంటి యాసతో, చెవికి జానెడు రెండు జానల దూరంలో మాట్లాడండి. గట్టిగా అరిస్తే మిషన్‌లో మాట వికృతమవుతుంది. మాట్లాడేటప్పుడు మిక్సీ, టీవీ ఆపాలి. ఫ్యాను కింద కన్నా కొంచెం పక్కకు జరిగి కూర్చోవడం నయం. అన్నిటికన్నా కష్టమైన పని, మాట్లాడిన తరువాత ఆగడం. మనం ఒకటి అన్నాక బిడ్డ ఏదో ఒకటి చేసేదాకా, చేయి ఊపినా సరే, నోరు మూసుకొని ఎదురు చూడాలి. మా ఇంట్లో ఈ పని చేయగలిగింది మా మామగారు ఒక్కరే. ఆయన సహజంగానే మితభాషి.

రైలుపెట్టె
మా మామగారిని మీ మామగారి దగ్గరికి శిక్షణకు పంపించవచ్చా?

గోదారి_గట్టు
పంపించండి, అయితే ఆయన ముందు నోరు మూసుకోవడమే నేర్పుతారు.

రోజూ పొద్దున్నే చేసే పరీక్ష ఒకటి ఉంది, దాన్ని లింగ్ ఆరు ధ్వనుల పరీక్ష అంటారు. మ్, ఊ, ఆ, ఈ, ష్, స్. నోరు కనబడకుండా పక్కన కూర్చొని, ఒక్కొక్కటీ ఎడం ఇచ్చి పలకాలి. ఏడు నెలల బిడ్డ తల తిప్పకపోయినా, పాలు చీకడం ఆపడం, కళ్లు పెద్దవి చేయడం, కదలిక ఆగడం కూడా జవాబే. కొంచెం పెద్దయ్యాక, విన్నప్పుడల్లా ఒక చింతపిక్కను గ్లాసులో వేసే ఆట నేర్పాము. నిన్నటిదాకా ‘ష్’కు వేసినవాడు ఇవాళ వేయకపోతే మిషన్ సంగతి చూసుకోవాలి.

కంచం_మోత
చింతపిక్కలు వద్దు! మా బాబు మూడో రోజున పిక్కను ముక్కులో దూర్చుకున్నాడు. ఈఎన్‌టీ డాక్టరు తీసి, ‘చెవుల కోసం వచ్చేవారు ముక్కు కోసం కూడా వస్తారని అనుకోలేదు’ అన్నారు. పిడికిలి కన్నా పెద్ద ప్లాస్టిక్ రింగులు వాడండి.

గోదారి_గట్టు
ఒప్పుకుంటున్నాను. రింగులే మంచివి.

తెలుగు_పంతులు
ఆ ఆరు ధ్వనుల్లో తెలుగువారికి ఒక ప్రత్యేక చిక్కు ఉంది. మన మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి, అచ్చులు బలంగా వినబడతాయి. అందుచేత స్, ష్ లాంటి సన్నని ధ్వనులు వినని పిల్లవాడు కూడా పిలిస్తే పలుకుతాడు, ఇంట్లోవాళ్లు బాగా వినబడుతోందనుకుంటారు. మా తరగతిలో ఒక పిల్లవాడు ‘సబ్బు’ను ‘అబ్బు’ అనేవాడు, ‘చెట్టుకి’, ‘చెట్టుతో’, ‘చెట్టులో’ అన్నీ వాడికి ‘చెట్టు’ మాత్రమే. నేను వాడిని ముద్దమాటల వాడనుకొని ఒక ఏడాది పోగొట్టాను. విభక్తి ప్రత్యయాలు మన నోట్లో నలిగిపోతాయి కనుక, ఇంట్లో వాటిని కొంచెం నిలిపి పలకడం అవసరం.

అట్లాంటా_మామయ్య
మా అమ్మాయి ఇక్కడే పుట్టింది. పరీక్ష పుట్టిన మరునాడే అయింది, రెండో నెలలో నిర్ధారణ, నాలుగో నెల నుంచి వారానికోసారి టీచరు ఇంటికే వచ్చేవారు. ఇక్కడ అమెరికా చట్టంలో ‘పార్ట్ సీ’ అని ఉంటుంది. పుట్టినప్పటి నుంచి మూడేళ్ల వరకు బిడ్డకే కాదు, కుటుంబానికి ఏమి కావాలో కూర్చొని రాస్తారు. ఆ కాగితం పేరులోనే ‘కుటుంబం’ ఉంటుంది. మొదటి సమావేశంలో నన్ను ‘మీకు ఏది భయంగా ఉంది?’ అని అడిగారు. అంతవరకు ఆ ప్రశ్న నన్ను మా నాన్న కూడా అడగలేదు.

రైలుపెట్టె
అన్నయ్యా, మేము అట్లాంటాలో లేము. మార్కాపురానికి ఆ టీచరును పంపిస్తారా?

అట్లాంటా_మామయ్య
మీ కోపం న్యాయమే. మీకు పనికొచ్చేవి రెండు చెబుతాను. లాస్ ఏంజెలెస్‌లో 1942లో ఒక తల్లి మొదలుపెట్టిన జాన్ ట్రేసీ సంస్థ, తల్లిదండ్రులకు ఇంటి నుంచే చదువుకొనే పాఠాలను ఉచితంగా ఇస్తుంది. ఇంగ్లీషు చదవగలిగినవారు ఎవరైనా ఇంట్లో ఉంటే చాలు. రెండోది, ఇక్కడ మొదట ఒకరు మమ్మల్ని ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడమన్నారు. ఆరు నెలలు మా ఇల్లు దుకాణంలా ఉండింది. మా ఆవిడకు ‘ప్లీజ్’, ‘గుడ్ జాబ్’ తప్ప ముద్దు మాట రాలేదు. తరువాత వచ్చిన థెరపిస్టు, మీకు ఏ భాషలో లాలించడం వస్తుందో ఆ భాషే మాట్లాడండి అన్నారు. ఆ రోజు మా ఆవిడ పాపను ఒడిలో వేసుకొని గంటసేపు తెలుగులో మాట్లాడింది. మీ చుట్టాల్లో ఎవరైనా ‘రేపు బడి ఇంగ్లీషులోనే కదా, ఇప్పటి నుంచే’ అంటే వినకండి.

చేతుల_మాట
నేను పుట్టుకతో బధిరుణ్ణి. నా వయసు ముప్ఫై నాలుగు. ఇక్కడ అందరూ చెవి గురించి రాస్తున్నారు, భాష గురించి రాయడం లేదు. నాకు ఐదేళ్లప్పుడు మిషన్లు పెట్టారు, పదేళ్లు పెదవులు చదవడం నేర్పారు. ఇంట్లో పెళ్లి జరిగితే అందరూ నవ్వినప్పుడు నేనూ నవ్వేవాణ్ణి. ఎందుకని మా అక్కను అడిగితే ‘తరువాత చెబుతాను’ అనేది. ఆ ‘తరువాత’ ఒక్కసారి కూడా రాలేదు. పందొమ్మిదో ఏట హైదరాబాదులో బధిర స్నేహితుల దగ్గర సైగల భాష నేర్చుకున్నాను. ఒక జోకును మొదటి నుంచి చివరి దాకా, అది చెబుతున్నప్పుడే అర్థం చేసుకోవడం నాకు అప్పుడే మొదటిసారి.

1880లో మిలాన్‌లో వినికిడి ఉన్న పంతుళ్లు కూర్చొని బడుల్లో సైగలు వద్దని తీర్మానించారు. దాని నీడ ఇంకా మన థెరపీ గదుల్లో ఉంది. ఇంప్లాంట్ ఫలితం కనబడడానికి ఏడాది పట్టవచ్చు, రెండేళ్లు పట్టవచ్చు. అంతవరకు మీ పాప ‘పాలు’, ‘అమ్మ’, ‘నొప్పి’, ‘ఇంకా’ అని దేనితో చెబుతుంది? ఢిల్లీలోని భారతీయ సైగల భాష పరిశోధన, శిక్షణ కేంద్రం పది వేల పదాల నిఘంటువును వీడియోలతో ఉచితంగా ఇచ్చింది. రోజుకు రెండు సైగలు నేర్చుకోండి.

గోదారి_గట్టు
మీ మాట నన్ను కదిలించింది, అయినా ఒప్పుకోలేకపోతున్నాను. మా థెరపిస్టు సైగలు వద్దన్నారు. చేయి చూసి అర్థం చేసుకుంటే చెవి బద్ధకిస్తుందన్నారు. మేము వద్దనుకున్నాము, బాబు ఈ రోజు మామూలు బడిలో చదువుతున్నాడు.

చేతుల_మాట
మీ బాబు విజయం నాకు సంతోషం. మీ బాబుతో పాటు ఆపరేషన్ అయిన పిల్లలందరూ మామూలు బడిలో ఉన్నారా?

గోదారి_గట్టు
లేరు. మా బృందంలో తొమ్మిది మందిలో ముగ్గురికి మాటలు సరిగా రాలేదు. ఇద్దరు థెరపీకి రావడమే మానేశారు. వారి గురించి నేను ఇక్కడ రాయకపోవడం తప్పే.

ఆడియో_అక్క
సైగలు నేర్పితే మాట రాదని నిరూపించిన పరిశోధన నాకు కనబడలేదు. మా వృత్తిలో ఆ నమ్మకం బలంగా ఉంది, నేనూ చాలాకాలం అలాగే చెప్పాను. ఇంప్లాంట్ తరువాత వినడానికి విడిగా సమయం ఇవ్వాలన్నది నిజం. ఆ సమయం రోజంతా కానక్కరలేదు. బిడ్డకు ఒకటిన్నర ఏడు వచ్చేసరికి ఏదో ఒక భాష చేతిలో ఉండాలి. మాటైనా, సైగైనా, రెండూ కలిసైనా సరే. ఖాళీగా ఉంచడం ఒక్కటే ఘోరమైన తప్పు. సైగ ఎంచుకుంటే ఇంట్లో అందరూ నేర్చుకోవాలి. తల్లి ఒక్కతే నేర్చుకుంటే అది భాష కాదు, ఇద్దరి మధ్య రహస్యం అవుతుంది.

పాసైన_బాబు
మా బాబు నెలలు తక్కువగా పుట్టాడు. కామెర్లు బాగా పెరిగి రక్తం మార్చారు. పద్దెనిమిది రోజులు ఐసీయూలో ఉన్నాడు. ఓఏఈలో ‘పాస్’ వచ్చింది, మేము మిఠాయిలు పంచాము. రెండేళ్లకు కూడా పిలిస్తే ఒకసారి పలికేవాడు, ఒకసారి పలకడు. ఆటిజం అన్నారు, మొండితనం అన్నారు. చివరికి బెరా చేస్తే అలలు అసలు లేవు. లోపలి చెవిలో కణాలు పని చేస్తున్నాయి, నాడి మాత్రం సందేశాన్ని ముక్కలుగా పంపుతోంది. దీన్ని ఆడిటరీ న్యూరోపతి అంటారట. ఐసీయూలో ఉన్న పిల్లలకు ఓఏఈ చాలదు, బెరా కూడా చేయించాలని ఈ పేజీ చదివేవారు గుర్తుపెట్టుకోండి.

ఏఎన్ఎం_డైరీ
ప్రభుత్వంలో దారి లేకపోలేదు. పిల్లల్లో లోపాలను ముందే గుర్తించడానికి 2013లో వచ్చిన ఆర్‌బీఎస్‌కే కార్యక్రమంలో పుట్టుకతో వచ్చే లోపాల జాబితాలో చెవుడు కూడా ఉంది. పుట్టిన చోట ఒకసారి, తరువాత అంగన్‌వాడీలో ఆ బృందాలు చూడాలి, అనుమానం ఉన్నవారిని జిల్లాలోని సత్వర చికిత్స కేంద్రానికి పంపాలి. నేను పంపుతాను కూడా. ఒకసారి నేను పంపిన కుటుంబం వెళ్లేసరికి అక్కడ ఆడియాలజిస్టు పోస్టు ఖాళీగా ఉంది, వారు తిరిగి వచ్చి నా ముందు కాగితం పడేశారు. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు పంపే ముందు ఫోను చేసి, ఏ రోజు మనిషి ఉంటారో కనుక్కొని పంపుతున్నాను. మీరూ అలాగే చేయండి.

రైలుపెట్టె
డబ్బు సంగతి నేను చెబుతాను, ఇందులో నాకు డాక్టరేటు ఉంది. ఇంప్లాంట్ ఖర్చు లక్షల్లో ఉంటుంది. ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవలో, తెలంగాణలో ఆరోగ్యశ్రీలో ఇది ఉంది. కేంద్రం ఏడీఐపీ పథకంలో (వికలాంగులకు ఉపకరణాలు ఇచ్చేది) పుట్టుకతో వినికిడి లేని ఐదేళ్లలోపు పిల్లలకు ఇస్తారు, దానికి ముంబయిలోని అలీ యావర్ జంగ్ జాతీయ వినికిడి సంస్థ బాధ్యత వహిస్తుంది. ఆ సంస్థ ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉంది, పరీక్షలూ థెరపీ కూడా అక్కడ దొరుకుతాయి. అన్నిటికీ వయసు పరిమితి ఉంటుంది కాబట్టి కాగితాలు ఇప్పుడే మొదలుపెట్టండి: ఆధార్, రేషన్ కార్డు, వైకల్య ధ్రువపత్రం, యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు) కార్డు.

ఎవరూ చెప్పని సంగతి ఇంకొకటి. ఆపరేషన్ ఉచితమే, తరువాత తెగిపోయే కేబుల్, కాయిల్, బ్యాటరీలు మాత్రం మన జేబులోంచే. మా వాడు కేబుల్‌ను రెండుసార్లు కొరికాడు. అప్పటి నుంచి నేను సిగరెట్లు మానేశాను. ఆరోగ్యం కోసం కాదు, కేబుల్ కోసం.

జ్వరం_తరువాత
మా పాపకు పదకొండో నెలలో మెదడు పొరల వాపు (మెనింజైటిస్) వచ్చి వినికిడి పోయింది. అలా పోయినవారు మిషన్ల ట్రయల్ అంటూ నెలలు గడపకూడదు. మెనింజైటిస్ తరువాత లోపలి చెవిలో ఎముక పెరిగి మూసుకుపోవచ్చు, అప్పుడు ఇంప్లాంట్ తీగ (ఎలక్ట్రోడు) లోపల పట్టదు. మాకు డాక్టరు ఈ ముక్క చెప్పి వారంలోనే స్కానింగ్ చేయించారు కాబట్టి బయటపడ్డాము.

మిరపతోట_మార్కాపురం
ఒక మాట అడగాలని నాలుగు రోజులుగా వెనకాడుతున్నాను. మాది మేనరికం. మావారు నా సొంత మేనబావ. ఇంట్లో మాట పైకి అనరు గానీ, ప్రతి చూపూ నా మీదే ఆగుతుంది.

ఆడియో_అక్క
మీ మీద ఒక్కరి మీదే ఆగడానికి శాస్త్రంలో ఆధారం లేదు, చెల్లెమ్మా. పుట్టుకతో వచ్చే వినికిడి లోపాల్లో ఎక్కువగా కనిపించే జన్యువు జీజేబీ2. అది బయటపడాలంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు ప్రతులూ రావాలి. అమ్మానాన్నలు ఇద్దరూ బాగా వినగలిగినవారే అయి ఉంటారు, ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. మేనరికంలో ఆ రెండు ప్రతులూ ఒకచోట కలిసే అవకాశం పెరుగుతుంది. అంటే సగం మీది, సగం మీ వారిది. మీ ఇద్దరిదీ ఒకే తాతగారి నుంచి వచ్చి ఉండవచ్చు. జన్యు పరీక్షలో కారణం దొరికితే వచ్చే కాన్పు గురించి ముందే తెలుస్తుంది. పుట్టిన బిడ్డకు మొదటి వారంలోనే పరీక్ష చేయించుకోవచ్చు.

నానమ్మ_నెంబర్_1
మిరపతోట అమ్మాయీ, మీ అత్తగారికి ఫోను ఇచ్చి ఇది చదివించు. చదవడం రాకపోతే నువ్వే పైకి చదువు. మా వైద్యుడు కూడా పసిబిడ్డకు వస వద్దన్నాడు, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

మిరపతోట_మార్కాపురం
నిన్న రాత్రి మావారికీ అత్తయ్యకూ అంతా చదివి వినిపించాను. జన్యువు దగ్గర అత్తయ్య లేచి వెళ్లిపోయారు. పొద్దున చూస్తే వసకొమ్ము డబ్బా అటక మీదికి చేరింది. ఆవిడ పాపను ఒడిలో పెట్టుకొని, మిక్సీ ఆపించి, చింతపండు పిసుకుతూ ‘పులుసు పోస్తున్నా, ఇంకొంచెం పోస్తున్నా’ అంటున్నారు. గొంతు మాత్రం ఇంకా పక్కవీధికి వినబడుతోంది. మావారు ఢిల్లీ వారి వీడియో చూసి ‘పాలు’ సైగ నేర్చుకున్నారు, పాప ఆయన పిడికిలి పట్టుకొని నోట్లో పెట్టుకుంది. రాత్రి ‘ఊ’ అన్నప్పుడు పాలు చీకడం ఆపినట్టు నాకు అనిపించింది. మూడుసార్లలో రెండుసార్లు.

ఇంకొక సందేహం. భుజాన వేసుకున్నప్పుడల్లా కుడి మిషన్ కూత పెడుతోంది. అది చెడిపోయిందా?

ఆడియో_అక్క
చెడిపోలేదు. మిషన్‌కు తగిలించి చెవిలో పెట్టే మెత్తటి ముక్కను అచ్చు (మౌల్డ్) అంటాము, దాని సందుల్లోంచి బయటికి కారిన శబ్దం మీ భుజానికి తగిలి మళ్లీ మైకులోకి వెళ్లడం వల్ల కూస్తుంది. మిషన్ మీద చెయ్యి మూస్తే కూడా అలాగే కూస్తుంది. కుడి చెవి బయటికి ఉండేలా రెండో భుజాన వేసుకోండి. దగ్గర ఏమీ లేకుండానే కూస్తే మాత్రం చెవి పెరిగి అచ్చు వదులైందని అర్థం. ఈ వయసులో అచ్చు నెలా రెండు నెలలకే మార్చాల్సి వస్తుంది.

మిరపతోట_మార్కాపురం
ఊరికే కూర్చున్నప్పుడు కూడా అప్పుడప్పుడు కూస్తోంది. అయితే నెల నిండేదాకా ఆగకుండా గురువారం గుంటూరు వెళ్తాము. ఈసారి అత్తయ్య కూడా వస్తామంటున్నారు.

రెండు_గంటల_నాన్న
వెళ్లే ముందు ఆ మిషన్ లెక్క ఒకసారి ఊహించుకోండి. బస్సు కన్నా రైలులో మౌనం ఇంకా పొడుగు.

మిరపతోట_మార్కాపురం
నిన్న ఆరు గంటలు పెట్టుకుంది. టోపీ వల్లే.